గడప నుంచి కానుగ దాకా

ఒక మాట లోపల పెట్టుకుని చాలా ఏళ్లు బతికాను. మొదట్లో అది గుచ్చేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఒట్టి బరువు. పొద్దున లేచేసరికి ఉంటుంది, నర్సరీ గేటు వేసి ఇంటికి పోయేటప్పుడూ ఉంటుంది. దాచడంలో ఇంత పని ఉంటుందని మొదటిరోజే తెలిసుంటే దాచేవాణ్ణి కాదేమో. చూశారా, ఇలా అనుకోవడం కూడా నన్ను నేను మంచివాణ్ణి చేసుకోవడమే. తెలిసినా దాచేవాణ్ణే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. ఊళ్లో నన్ను మంచివాడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను. దాన్ని వాళ్లు వినయం అనుకుంటారు. నా పేరుతో మీకు పని లేదు. ఇందులో వచ్చే వాళ్ల పేర్లు కూడా మార్చాను. మిగతాదంతా జరిగినట్టే చెబుతాను. చెప్పగలిగినంత వరకు.

మాకు చేవెళ్లలో విత్తనాలు, ఎరువుల షాపు ఉండేది. మా బాపు జీవితమంతా గల్లా దగ్గరే కూర్చున్నాడు. నాకు అలా కూర్చోవడం చేతకాలేదు. హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. సాఫ్ట్‌వేర్ డబ్బు గచ్చిబౌలి దాటి, నార్సింగి దాటి మా రోడ్డు మీదికి వచ్చింది. మొయినాబాద్ చుట్టుపక్కల టమాట, మొక్కజొన్న వేసే చెలకలకు గోడలు లేచాయి. గోడలకు గేట్లు, గేట్ల మీద ఇంగ్లీషు పేర్లు. ఇంత పచ్చిక, ఇన్ని చెట్లు ఎవరో ఒకరు సప్లై చేయాలి కదా అని రోడ్డు పక్కన కొంత జాగా కిరాయికి తీసుకుని నర్సరీ పెట్టాను.

అప్పుడే సర్కారు ఒక పథకం తెచ్చింది. రేకుల ఇళ్లకు పడమటి వైపు నీడనిచ్చే చెట్టు పెట్టాలి. మధ్యాహ్నం ఎండ గోడకు తగలదు, ఇల్లు చల్లగా ఉంటుంది, ఫ్యాన్లు, కూలర్లు తక్కువ తిరుగుతాయి, కరెంటు మిగులుతుంది. మొక్క, గుంత, కంచె, మొదటి ఏళ్లలో పోసే నీళ్లు, అన్నిటి ఖర్చూ సర్కారుదే. మా మండలంలో మొక్కలిచ్చి నాటించే పని నాకు దొరికింది. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊళ్లో ఒక కాలనీ ఉండేది. సిమెంటు రేకులు కప్పిన ఒంటిగది ఇళ్లు, రెండు వరసలు. అక్కడ మీటింగు పెట్టాం. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు కరెంటు ఆదా గురించి చక్కగా వివరించాడు. వెనకాల ఎవరో, "మీటర్లే లేవు సారూ, మేమేం తగ్గియ్యాలె?" అన్నారు. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. తల పైకెత్తితే స్తంభానికి తగిలించిన కొక్కేల వైర్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

చెట్టు ఎవరికీ వద్దు. మేకలు తింటాయన్నారు, ఆకులు ఎవరు ఊడ్వాలన్నారు. ముందుగా లేచి నాకు కావాలన్నది సత్తెమ్మ. కూరగాయల తోటల్లో కూలికి పోయేది. ఆమె భర్త యాదయ్య పట్నంలో సెంట్రింగ్ పని, అంటే స్లాబులకు చెక్కలు బిగించే పని చేసేవాడు. ఒక్కతే ఆడబిడ్డ. సత్తెమ్మ తన చేతులతోనే కానుగ మొక్కను గుంతలో నిలబెట్టి, పసుపు చల్లి, చెంబుతో నీళ్లు పోసింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లు కూడా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. ఆ కాలనీలో సత్తెమ్మ ఉన్న వరస ఇళ్ల వాకిళ్లు పడమటికి ఉన్నాయి. సర్కారు వాళ్ల కొలత ప్రకారం పడమటి వైపు గుంత తీస్తే చెట్టు సరిగ్గా వాకిలికి ఎదురుగా వస్తుంది. వాకిలికి సూటిగా చెట్టు ఉంటే వేధ అంటారు. ఆ ఇంటికి కీడని మావైపు గట్టి నమ్మకం. మా ఇంట్లో మరీనూ. వాస్తు కోసం మా షాపు దర్వాజ రెండుసార్లు తీసి పెట్టించాడు మా బాపు. అందుకని ఆ వరసలో గుంతలన్నీ నేనే తాడు పట్టి చూసి, గడపకు సూటిగా రాకుండా పక్కకు జరిపించాను. సత్తెమ్మ చెట్టు కూడా అలాగే జరిగింది. నీడ గోడ మీద పడుతుంది, వేధ తగలదు. అప్పుడు ఎవరికీ వివరించలేదు. వివరిస్తే లేనిపోని భయం మొదలవుతుందని ఊరుకున్నాను. అప్పటికి నేను మంచివాణ్ణే అనుకుంటాను. ఏమో.

నాటిన మరుసటి ఏడు యాదయ్య పరంజా మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. ప్రాణం దక్కింది కానీ నడుము నుంచి కింద చచ్చుబడిపోయింది. చాలా రోజులు దవాఖానలో ఉండి ఇంటికి వచ్చి నులక మంచంలో పడ్డాడు. ఇక లేవలేదు.

చెట్టు మాత్రం లేచింది. ఆమె స్నానం చేసిన నీళ్లూ గిన్నెలు కడిగిన నీళ్లూ అన్నీ దానికే. కొన్నేళ్లలోనే రేకుల మీదికి గొడుగు పట్టింది. పొద్దు వాలాక ఆ కాలనీలో మిగతా ఇళ్లలో కూర్చోలేం. యాదయ్య ఇంట్లో కూర్చోవచ్చు. అతని మంచాన్ని పొద్దున లోపల, మధ్యాహ్నం వాకిట్లో నీడకు వేసేది సత్తెమ్మ. పథకం ఎలా నడుస్తోందో చూడటానికి అధికారులు ఎప్పుడు వచ్చినా నేను ముందుగా ఆ ఇంటికే తీసుకుపోయేవాణ్ణి. "మధ్యానం ఫ్యాను గూడ ఎయ్యం సారూ," అని యాదయ్య నవ్వుతూ చెప్పేవాడు. వాళ్లు ఫొటోలు తీసుకునేవారు. నాకు మంచి పేరు వచ్చింది. కొత్త ఊళ్లలో పని కూడా వచ్చింది. ఆ నవ్వును నేను బాగా వాడుకున్నాను.

తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ సారు వచ్చాడు. చేవెళ్ల రోడ్డు మీద ఫాంహౌస్ కడుతున్నాడు. చెడ్డవాడేమీ కాదు, మెత్తగా మాట్లాడేవాడు. గృహప్రవేశానికి గేటుకు అటొకటి ఇటొకటి పెరిగిన చెట్లు కావాలన్నాడు. ఒకటి దొరికింది, పక్క తోటలోది, గుండ్రటి కానుగ. దానికి జోడీ కావాలి. నా నర్సరీలో అంతటిది లేదు. ఎక్కడైనా తెస్తానని మాటిచ్చేశాను. తన స్నేహితులకు నన్ను "మా ల్యాండ్‌స్కేప్ కన్సల్టెంట్" అని పరిచయం చేశాడు. ఎరువుల షాపు శేటు కొడుకుని కదా, ఆ మాటకు పొంగిపోయాను. డబ్బు కోసం చేశానని చెబితే సులువుగా ఉండేది. డబ్బు కూడా ఉంది. కానీ ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

తిరిగి తిరిగి చూస్తే సరిగ్గా దానికి జోడీలా ఉన్నది సత్తెమ్మ వాకిట్లోనే ఉంది.

అడిగి తీసుకోవచ్చు కదా అంటారేమో. అడిగితే ఇవ్వదు. అది నాకు తెలుసు. అందుకే అడగలేదు. శివరాత్రి ముందు ఒకరోజు పొద్దున వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. యాదయ్య లోపల మంచంలో. ఎప్పటిలాగే బాధలు చెప్పుకుంది. ఎప్పటిలాగే చివరికి అదే అడిగింది.

"నాకైతే సమజ్ గాదు శేటు. ఎవ్వలకు ఏం పాపం జేసినమని మాకిట్లయింది?"

ఆ ప్రశ్న ఎన్నోసార్లు విన్నాను. ఎన్నడూ జవాబు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"అక్కా, చెట్టు పెట్టినంకనే గదా అన్న పడ్డది?"

చేట ఆగింది. "అవు. మళ్ల ఎండకాలం గూడ రాలే."

"వాకిలికి సూటిగ ఉన్నదేమో. జర తాడు పట్టి చూద్దమా?"

నా జేబులో నూలు తాడు ఉంది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే పెట్టుకున్నాను. ఈ ఒక్క ముక్క నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నోరు జారిందని చెప్పుకోవడానికి వీల్లేకుండా చేసింది ఆ తాడు.

సత్తెమ్మ కొస పట్టుకుని గడప మధ్యలో నిలబడింది. నేను తాడు వదులుకుంటూ ముందుకు నడిచాను. సూటిగా నడిస్తే తాడు చెట్టుకు పక్కగా వీధిలోకి పోవాలి. నేను సూటిగా నడవలేదు. కొంచెం కొంచెం పక్కకు జరుగుతూ పోయి, తాడును మానుకు ఆనించాను. ఆమె తాడునే చూస్తోంది. నా కాళ్లను చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకు ఎందుకు వస్తుంది? నేను శేటును. వాస్తు తెలిసిన ఇంటివాణ్ణి.

"ముందుగాల ఎందుకు చెప్పలేదు శేటు?" అంది తాడు కొస వదలకుండానే.

"సర్కారోళ్ల కొలతలక్కా. ఇయన్ని వాళ్లకేం తెలుస్తయి?"

"కొట్టెయ్యాల్నా మరి?"

"పచ్చని చెట్టును కొట్టొద్దు, అదింకో దోషం. వేర్లతోటి తీస్కపోయి ఇంకోకాడ పెడ్త. నువ్వు ఫికర్ జెయ్యకు. నీకు ఖర్చేం లేదు."

లోపలి నుంచి యాదయ్య మెల్లగా అన్నాడు. "నీడ పోతదే సత్తీ."

"నీ నడుము కన్న నీడ ఎక్కువనా?" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టింది. "నీకు పున్నెముంటది శేటు."

రెండు రోజుల్లో కొమ్మలు నరికించి, చుట్టూ తవ్వించి, వేళ్ల ముద్దకు తడిపిన గోనెసంచులు చుట్టించి చెట్టును లేపించాం. క్రేను దాన్ని పైకెత్తుతుంటే కాలనీ అంతా చూసింది. సత్తెమ్మ గుంతలో మన్ను నింపి అలికి ముగ్గు వేసింది. పథకం వాళ్లకు చెట్టుకు పురుగు పట్టిందని చెప్పాను. సరేనన్నారు. ఒక్క చెట్టు కదా.

వారం తర్వాత షేర్ ఆటో దగ్గర కలిసింది. ముఖం వెలిగిపోతోంది. "శేటు, ఆయన కాలి వేళ్లు జర కదిలినట్టు అనిపించినయి," అంది. మంచిది అక్కా అన్నాను. ఏమనాలి? మీరే చెప్పండి, ఏమనాలి? నాకు ఆ రోజే చెప్పే అవకాశం ఉంది. చెట్టు అప్పటికి చిగుళ్లు కూడా వేయలేదు. తిరిగి తెచ్చి పెట్టలేకపోయినా ఎదిగిన మొక్క ఇంకొకటి పెట్టించేవాణ్ణి, ఎండాకాలానికి ఒక తడిక పందిరైనా వేయించేవాణ్ణి. ఏదీ చేయలేదు. ఆమె సంతోషాన్ని చెడగొట్టడమెందుకని అనుకున్నాను. ఆ మాట నాకు ఎంత తొందరగా దొరికిందో.

ఆ ఎండాకాలం పడమటి ఎండ మధ్యాహ్నం మొదలై పొద్దు గూకేదాకా నేరుగా గదిలోకి వచ్చేది. సిమెంటు రేకులు పొయ్యి మీది పెనంలా కాలిపోయేవి. సత్తెమ్మ రేకుల మీద గోనెసంచులు పరిచి నీళ్లు చల్లేది. వాకిలికి తడి చీర కట్టేది. యాదయ్య కదల్లేడు. వీపంతా చెమట, చెమటకు పుండ్లు. నాకు మనసొప్పక మా షాపులో ఉన్న పాత కూలర్ తీసుకుపోయి ఇచ్చాను. కాలనీ వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. అప్పటికి మీటర్లు వచ్చేశాయి. కూలర్ నడిస్తే బిల్లు ఆమె వల్ల కాదు. నడిపినా మధ్యాహ్నమంతా కరెంటు కోత. ఇంట్లో కరెంటు తగ్గాలని సర్కారు డబ్బు పెట్టి నాటించిన చెట్టును నేనే పీకించాను. దాని బదులు కరెంటుతో నడిచే డబ్బా నేనే ఇచ్చాను. ఇచ్చి పొగడ్తలు తీసుకున్నాను.

రోహిణి కార్తెలో యాదయ్యకు జ్వరం వచ్చింది. పుండ్లు పచ్చిగా ఉన్నాయి. దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఎండ వల్లే పోయాడా? నాకు తెలియదు. అలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఎక్కువకాలం బతకరని ఒక డాక్టరును అడిగి తెలుసుకున్నాను. అడిగింది నా కోసం. నిజమే అయుండొచ్చు. ఇంకో ఏడాది బతికేవాడేమో, రెండేళ్లేమో, బిడ్డ పెళ్లి చూసేవాడేమో. చల్లటి గదిలో పోవడం వేరు, ఆ గదిలో పోవడం వేరు. ఎంత లెక్క వేసుకున్నా చివరికి నా దగ్గరికే వస్తుంది.

పలకరించడానికి వెళ్లినప్పుడు సత్తెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. "చెట్టు తీసినంక గూడ దక్కలేదు శేటు," అంది. "ఆలిస్యం జేసిన. ముందుగాల్నే తీసేస్తే బతికెటోడు. ఆ చెట్టు నేనే పెట్టిన. నా చేతులతోటే పెట్టిన. ఎవ్వలు వద్దంటె గూడ నాకు గావాలన్న."

అప్పుడు నోరు తెరవాలి. చెట్టు సూటిగా లేదక్కా, నేను అబద్ధమాడాను, అంతే. రెండు మాటలు. చుట్టూ జనం ఉన్నారు. "మన చేతుల ఏమున్నదక్కా," అన్నాను. అని లేచి వచ్చేశాను.

చెట్టును ఎత్తుకుపోవడం ఒక తప్పు. అది పట్టపగలు జరిగిన దొంగతనం, దానికి పేరుంది. కానీ ఆమె తన భర్తను తానే చంపుకున్నానని నా ముందు చెబుతుంటే విని ఊరుకోవడానికి పేరేమిటి? చాలా ఏళ్లు వెతికాను. దొరకలేదు.

ఆ ఫాంహౌస్ కానుగ బతికింది. బాగా గుబురుగా ఉంది. సారు ఎప్పుడో ఒక ఆదివారం వస్తాడు, దాని కింద కారు పెట్టుకుంటాడు. పనుల మీద ఆ దారిన పోయినప్పుడు నేను అటు చూడను. నాకు పని పెరిగింది, ఇల్లు కట్టాను, ఏసీలు పెట్టించాను. ఏసీ గదిలో పడుకుంటే నాకు నిద్ర రాదు. మా ఆవిడ దాన్ని నా పిసినారితనం అంటుంది.

కొన్నేళ్లకు మళ్లీ మొక్కల పథకం వచ్చింది. ఈసారి ఇంటింటికీ. షాబాద్‌లో ఒక వీధికి మొక్కలు ఇవ్వడానికి నేనే ట్రాలీ వెంట వెళ్లాను. ఒక ఇంటి ముందు సత్తెమ్మ. బిడ్డ దగ్గర ఉంటోందట. జుట్టు తెల్లబడింది. బిడ్డ మొక్కను తల్లి చేతికి ఇవ్వబోయింది, అమ్మా నువ్వు పెట్టు, పెద్దదానివి అని. సత్తెమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నువ్వే పెట్టు," అంది. అని ఇంకా దూరంగా జరిగి, కొంగులో చేతులు చుట్టుకుని నిలబడింది, తన నీడ కూడా మొక్క మీద పడకూడదన్నట్టు.

తర్వాత నన్ను గుర్తుపట్టింది. "ఈయననే బిడ్డా, మీ బాపుకు కూలర్ ఇచ్చిన శేటు. శాన మంచోడు," అని చెప్పింది. బిడ్డ నాకు దండం పెట్టి, కుర్చీ వేసి, చాయ్ ఇచ్చింది. తాగాను. తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానక్కా అని వచ్చేశాను.

ఆ తర్వాత ఆమెకు చెప్పడానికి రెండుసార్లు షాబాద్ దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ఇప్పుడు చెబితే ఆమెకేం లాభం అనుకుంటాను. భర్త ఉత్తపుణ్యానికి ఆ ఎండలో ఉడికాడని ఈ వయసులో తెలియడం మేలా? తెలియకపోవడమే నయం కదా? ఇలా నాతో నేను వాదించుకుని గెలుస్తాను. ఆమె మీద దయ అని పేరు పెట్టుకున్నాను దీనికి. దయ కాదు. నాకు భయం. ఆ ఇంట్లో నాకు వేసిన కుర్చీ గుర్తొస్తుంది. శాన మంచోడు అన్న ఆ మాట ఈ భూమ్మీద ఆమె నోట్లో మాత్రమే నిజంలా ఉంటుంది. దాన్ని కూడా పోగొట్టుకోలేక ఆమెను ఆ చేతులతో అలాగే వదిలేశాను.

మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉంది, ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. రేపు వస్తుందని కూడా చెప్పను, చాలా రేపులు చూశాను. ఎక్కడో ఒకచోట నిజం నిజంలా ఉండాలని మాత్రమే ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకన్నా ఎక్కువ నాకు రాకూడదు కూడా.

ఆ చెట్టు గడపకు సూటిగా లేదు. దానిలో ఏ దోషమూ లేదు. ఉన్నన్నాళ్లు యాదయ్యకు చల్లగా ఉంది. సత్తెమ్మ చెయ్యి మంచిదే.